ఏడు వేల డాలర్ల కథ మళ్లీ నాకు చెప్పకండి

సొంతంగా సినిమాలు తీస్తానని ఎవరికి చెప్పినా రెండు నిమిషాల్లో హాలీవుడ్ దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ పేరు వస్తుంది. "ఆయన ఏడు వేల డాలర్లతో తీసేశాడు కదా, నీకేం అడ్డం?" అంటారు. నిజమే, 1992 నాటి ‘ఎల్ మరియాచి’ సినిమాని ఆయన ఆ డబ్బుతోనే తీశాడు. కొత్త మందుల ప్రయోగాలకు తన ఒంటిని అప్పగించి అందులో కొంత సంపాదించాడు కూడా. ఆ ముక్క నవ్వుతూ చెప్తారు గానీ, తర్వాతి కథ చెప్పరు. దాన్ని థియేటర్లో వేయడానికి కొలంబియా పిక్చర్స్ అనే పెద్ద స్టూడియో సౌండ్ మళ్లీ చేయించి, 16 ఎంఎం సన్న ఫిల్మ్ మీద తీసినదాన్ని థియేటర్లలో వాడే 35 ఎంఎం ఫిల్మ్‌లోకి మార్పించింది. ఆ ఖర్చు ముందు ఏడు వేలు చిల్లర.

నాకిది నా మొదటి సినిమాతో తెలిసొచ్చింది. షూటింగ్ అయిపోయింది, ఎడిటింగ్ అయిపోయింది, ఒకరు కొంటామన్నారు. ఇక గట్టెక్కాననుకున్నాను. అప్పుడొచ్చింది ఒక జాబితా. డైలాగులు లేకుండా మ్యూజిక్, ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న ట్రాక్ కావాలి. నటీనటులందరి సంతకాలతో ఒప్పందాలు కావాలి. వినిపించే ప్రతి పాటకీ హక్కుల కాగితం కావాలి.

నా సినిమాలో బాగా కుదిరిన సీన్లో పక్కింటి రేడియో వినిపిస్తుంది. నేను పెట్టింది కాదు, షూటింగ్ రోజు దానంతటదే మోగింది. భలే కుదిరిందని మురిసిపోయాను కూడా. ఆ పాట హక్కులు కొనే స్తోమత లేదు, డైలాగుల కింద నుంచి దాన్ని విడదీయడం కుదరలేదు. చివరికి సీనంతా డబ్బింగ్ చెప్పించాం. ఆ రోజు నిజంగా ఏడ్చిన అమ్మాయి, ఏడాది తర్వాత మైక్ ముందు నిలబడి మళ్లీ ఏడవాల్సి వచ్చింది. అంత బాగా రాలేదు. ఆ అమ్మాయికి నేనిచ్చింది దారి ఖర్చులే. "అందరూ ఫ్రీగా చేశారు" అని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ని, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

అసలు మొదటి సినిమా ఎలాగోలా తీయొచ్చు. అప్పు చేస్తాం, స్నేహితులు వస్తారు, ఒళ్లు సహకరిస్తుంది. రెండోదానికి అప్పు పాతదే ఉంటుంది, స్నేహితులకు పిల్లలు పుట్టి ఉంటారు. అమెరికా దర్శకుడు షాన్ బేకర్ మొదటి సినిమా 2000లో వచ్చింది. ‘అనోరా’ సినిమాకి ఒకే రాత్రి నాలుగు ఆస్కార్లు ఆయన చేతికొచ్చింది 2025లో. దానికి కొద్ది రోజుల ముందే స్వతంత్ర సినిమాలకిచ్చే స్పిరిట్ అవార్డుల వేదిక మీద ఆయన చెప్పిన లెక్క వినండి: ఆలోచన నుంచి విడుదల దాకా ఒక్కో సినిమాకు మూడేళ్లు పడుతుంది, వచ్చిన ఫీజును ఆ మూడేళ్లకూ పంచితే బతకడానికి చాలదు. అంత పేరున్న మనిషి మాట అది!

నాకు రోడ్రిగెజ్ కన్నా పాతతరం అమెరికా దర్శకుడు జాన్ కసావెటిస్ దారే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. ఆయన ఇతరుల సినిమాల్లో నటించి, ఆ డబ్బు తన సినిమాల్లో పోశాడు. జీవితాంతం దాదాపు అదే పని. నాకు నటన రాదు కాబట్టి కంపెనీల ప్రచార వీడియోలు ఎడిట్ చేస్తాను. "ఇంకా ఆ ఉద్యోగమేనా?" అని జాలిపడేవాళ్లకు ఒకటే మాట, నా నిర్మాత ఆ ఉద్యోగమే.

రెండో స్క్రిప్ట్ నాలుగో డ్రాఫ్ట్‌లో ఉంది. ఈసారి కథంతా పొలాల మధ్య ఒంటరి ఇంట్లో జరుగుతుంది. కనుచూపు మేరలో పక్కిల్లు లేదు.