సవరణ: ఆల్బుమిన్ తగ్గితే కండ కరిగినట్టు కాదు

పక్షవాతం వచ్చిన మొదటి వారంలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) తగ్గితే కండ కరిగిపోతున్నట్టేనని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. మెదడు దెబ్బతిన్నాక ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (దెబ్బకు శరీరం చూపే వాపు స్పందన) పెరుగుతుంది. ఆ స్పందనను నడిపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం ప్రభావంతో కాలేయం సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే ప్రోటీన్) తయారీని పెంచి, ఆల్బుమిన్ తయారీని తగ్గిస్తుంది. పైగా ఉన్న ఆల్బుమిన్‌లో కొంత రక్తనాళాల్లోంచి బయటికి జారిపోతుంది. అందుకే సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నప్పుడు ఆల్బుమిన్ అంకెను బట్టి కండ సంగతి తేల్చలేం. క్లినికల్ న్యూట్రిషన్ నిపుణుల సంఘాలు చెబుతున్నదీ ఇదే.

కండ సంగతి తెలియాలంటే కొలవాల్సిందే. పిక్క బాగా లావుగా ఉన్నచోట, చర్మం నొక్కుకుపోకుండా టేపు చుట్టాలి. అదీ చచ్చుబడని కాలికే. పడిపోయిన కాలికి నీరు చేరితే, లోపల కండ తగ్గినా కొలత నిండుగానే కనిపిస్తుంది. కండ క్షీణతపై 2019 నాటి ఆసియా మార్గదర్శకాల ప్రకారం పిక్క చుట్టుకొలత మగవారికి 34, ఆడవారికి 33 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే కండ తగ్గిందేమోనని అనుమానించాలి.