పరిహారం పండించే చేతికే అందాలి

అమెరికాలో పొగాకు వేయాలంటే ఒకప్పుడు కోటా ఉండాల్సిందే. ఎవరి భూమిలో ఎంత పండించాలో ప్రభుత్వమే తేల్చేది, ధరకు హామీ కూడా ఇచ్చేది. 1930ల నుంచి నడిచిన ఆ పద్ధతిని 2004లో రద్దు చేశారు. అయితే రైతుల్ని గాలికి వదిలేయలేదు. కోటా యజమానికి పౌండుకు 7 డాలర్లు, పండించిన రైతుకు 3 డాలర్ల లెక్కన 2005 నుంచి 2014 దాకా ఏటా వాయిదాల్లో చెల్లించారు. మొత్తం సుమారు 960 కోట్ల డాలర్లు. ఆ డబ్బంతా పొగాకు ఉత్పత్తులు తయారుచేసే, దిగుమతి చేసుకునే కంపెనీల నుంచే రాబట్టారు. ఇది నూటికి నూరుపాళ్లు న్యాయం.

పంపకం దగ్గరే మాకు అభ్యంతరం. వర్జీనియా రకం పొగాకుకు పేరున్న నార్త్ కరోలినాలోని పిట్ కౌంటీనే తీసుకుందాం. అక్కడ 10 వేల పౌండ్ల కోటాను కౌలుకు తీసుకుని, నారు పోసిన దగ్గర్నుంచి ఆకు అమ్మేదాకా కష్టపడిన రైతుకు పదేళ్లలో దక్కేది 30 వేల డాలర్లు. ఆ పొలం గట్టు తొక్కకపోయినా సరే, కోటా ఎవరి పేరున ఉంటే వారికి 70 వేలు! పైగా పొగాకు మానేయాలన్న షరతు లేదు. అయినా కోటా, ధర హామీ రెండూ పోయాక చిన్న రైతులు నిలబడలేకపోయారు. కెంటకీలో 2002లో పొగాకు వేసే కమతాలు సుమారు 29 వేలు. 2007 నాటికి 8 వేలకు పడిపోయాయి. ఆ రాష్ట్రం చేసిన మంచిపని ఒకటుంది. సిగరెట్ కంపెనీలు రాష్ట్రాలతో చేసుకున్న 1998 ఒప్పందం కింద వచ్చే సొమ్ములో సగం వ్యవసాయానికి కేటాయించి, ప్రతి కౌంటీలో మండలి పెట్టి పశుపోషణకూ ఇతర పంటలకూ సాయం అందించింది.

ఇదంతా మన ప్రకాశం జిల్లాకు ఎందుకంటే, అక్కడి కోటా కథే ఇక్కడి బ్యారన్ కథ. బ్యారన్ అంటే పచ్చాకును వేడితో కాల్చి ఆరబెట్టే కొట్టు. లైసెన్స్ ఒకరిది, సాగు మరొకరిది. కొండపి, టంగుటూరు ప్రాంతాల్లో పొలానికి కౌలు, బ్యారన్‌కు అద్దె కట్టి, రాత్రంతా మేలుకుని ఆకు కాల్చే రైతు పేరు చాలాచోట్ల పొగాకు బోర్డు రికార్డుల్లో ఉండదు. వేలంలో బేలు (ఆకు కట్ట) నోబిడ్ అయితే, అంటే కొనేవాడు లేకపోతే, తిరిగి ఇంటికి మోసుకెళ్లేది మాత్రం అతనే. అప్పు అతనిది, టెన్షన్ అతనిది. పరిహారమో రుణమో వచ్చేసరికి లైసెన్స్ ఎవరిదని అడుగుతారు.

2025లో బర్లీ రకం పొగాకు ధర కుప్పకూలితే రాష్ట్ర ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించింది. ఆ పూటకు అది అవసరమే. కానీ ఏటా అలా కొనలేరు. పొగాకు రైతుల్ని వేరే పంటలకు మళ్లించే కేంద్ర పథకం 2015-16 నుంచి ఉంది. శనగో మినుమో వేసుకోమని చెప్పడం తేలికే. వాటికి ధర ఎవరు నిలబెడతారు? మాన్పించదలిస్తే బ్యారన్‌కు ఇంత అని లెక్కగట్టి, కొన్నేళ్లపాటు చెల్లించాలి. ఆ భారంలో పెద్ద వాటా సిగరెట్ కంపెనీలు, ఎగుమతిదారులే మోయాలి. సాగుదారు వాటా యజమాని వాటా కన్నా తగ్గకూడదు.

అందుకు ముందు జరగాల్సిన పని ఒకటుంది. వచ్చే సీజన్‌కు పంట పరిమితి ప్రకటించేలోపే, గుంటూరులోని పొగాకు బోర్డు ప్రతి బ్యారన్ కింద అసలు సాగు చేస్తున్నది ఎవరో ఊరూరా తిరిగి నమోదు చేయాలి.