పస్తు పెట్టాల్సిన అతిథి

మన తెలుగువాళ్ళకి ఒక జబ్బుంది. ఎవరినీ ఖాళీ కడుపుతో ఉండనివ్వం. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడికి మజ్జిగ ఇస్తాం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తాం. దీనివల్ల జాతికి జరుగుతున్న నష్టం గురించి షుగరు డాక్టర్లు ఎంతోకాలంగా చెబుతూనే ఉన్నారు. కొండ కాక్టస్‌లకు జరుగుతున్న అన్యాయం గురించి మాత్రం ఎవరూ నోరు మెదపరు. ఆ బాధ్యత నేను నెత్తికెత్తుకుంటున్నాను.

బాధితురాలి పేరు రెబూటియా మినస్కులా. అడ్డం చూస్తే 5 సెంటీమీటర్లు, అంటే నిమ్మకాయకి గడ్డం మొలిచినంత. పుట్టిల్లు వాయవ్య అర్జెంటీనా, ఆండీస్ పర్వతాల తూర్పు వాలు. దీని దాయాదులు కొందరు బొలీవియాలో 3000 మీటర్ల పైన రాళ్ళ సందుల్లో కాపురం ఉంటారు. మన తిరుమల కొండ వెయ్యి మీటర్లు కూడా లేదు, దానికే మోకాళ్ళ పర్వతం దగ్గర మనం దేవుణ్ణి గట్టిగా తలుచుకుంటాం.

1895లో షూమాన్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు, ఫ్రాన్స్‌లో కాక్టస్‌లు అమ్ముకునే రెబూ అనే ఆయన పేరు మీద ఈ మొక్కల జాతికి రెబూటియా అని పేరు పెట్టాడు. మనం కూడా మొక్కలు అమ్మినవాడికి పేర్లు పెడతాం కానీ అవి అచ్చులో వేసేవి కావు. ఈ శాస్త్రజ్ఞులు మహా కొంటెవాళ్ళు. దీని చుట్టాల్లో ఒకదానికి 1922లో లోబీవియా అని పేరు పెట్టారు. అంటే ఏమిటో అనుకున్నాను. బొలీవియాలో అక్షరాలు అటూ ఇటూ మార్చారట, అంతే. మన దగ్గర ఎవరైనా మొక్కకి ‘లంతెగాణ’ అని పేరు పెడితే ఊరుకుంటామా?

నేను దీన్ని పశ్చిమ బెంగాల్ కొండల్లో ఉన్న కాలింపాంగ్ ఊరినుంచి తెప్పించాను. వేళ్ళకి మట్టి లేకుండా పాత పేపర్లో చుట్టుకుని, పకోడీ పొట్లంలా దిగింది. అంతకుముందు మా వీధి చివర కొన్న కాక్టస్‌కి ఎర్రటి పువ్వుండేది. ఆరు నెలలైనా వాడలేదు. అది నా చేతి చలవ అనుకున్నాను. ఏడో నెలలో దుమ్ము తుడుస్తుంటే పువ్వు ఊడి చేతికొచ్చింది. కింద జిగురు! ఎవరూ చూడకముందే ఫెవిక్విక్‌తో మళ్ళీ అతికించేశాను. ఇంటి పరువన్నది ఒకటుంటుంది కదా.

ఈ అతిథి మర్యాదలు వేరు. మెత్తటి మట్టి పనికిరాదు. ముతక ఇసుక, ఇటుక ముక్కలు, పేరుకి కాస్త ఎరువు. కుండీ లోతు తక్కువ, అడుగున చిల్లు తప్పనిసరి. వెలుతురు బాగా ఉండాలి కానీ మన మే నెల మధ్యాహ్నం ఎండకి నీడ పట్టాలి. నీళ్ళు పోస్తే నిండా పోసి, మట్టి పూర్తిగా ఆరేదాకా మళ్ళీ ఆ వైపు చూడకూడదు. గాలాడకపోతే ఎర్రనల్లి పడుతుంది. పగలు నోరు కట్టేసుకుని రాత్రి చల్లబడ్డాక ఒంటి మీది సన్నటి రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తుంది, అచ్చం మా పక్క ఫ్లాట్‌లో అమెరికా ప్రాజెక్టుకి నైట్ షిఫ్ట్ చేసే కుర్రాడిలాగే. అతన్నీ పగలు లేపకూడదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. అసలు షరతు చలికాలంలో వస్తుంది. దీపావళి నుంచి శివరాత్రి దాకా దానికి చలి కావాలి, ఎండ కావాలి, నీళ్ళు మాత్రం చుక్క ఉండకూడదు. అలా మాడిస్తేనే మొగ్గ వేస్తుంది. సంక్రాంతికి అల్లుళ్ళకి అరిసెల మీద అరిసెలు వడ్డించే ఇంట్లో, బాల్కనీలో ఒకరిని పస్తు పెట్టాలన్నమాట.

మొదటి ఏడాది మొక్క కాస్త ముడుచుకుంది. ముడుచుకోవాలి కూడా. మా అమ్మ చూసింది.

“ఒరేయ్, ఇది ఎండిపోతోందిరా.”

“దానికి ఉపవాసం అమ్మా. కార్తీక సోమవారాలు నువ్వుండవూ?”

“నేను పుణ్యం కోసం ఉంటాను. దానికెందుకురా పుణ్యం?”

ఈ ప్రశ్నకి వృక్షశాస్త్రంలో జవాబు లేదు. నేను ఆఫీసుకి వెళ్ళగానే బియ్యం కడిగిన నీళ్ళు గ్లాసుడు పోసేది. రోజూ. నాకు తెలియకూడదని కుండీ కింద చెమ్మ కొంగుతో తుడిచేది. జనవరిలో మొక్క బొద్దుగా, నిగనిగలాడుతూ కనిపిస్తే నా పెంపకానికి నేనే మురిసిపోయాను. ఒకరోజు మొదలు దగ్గర గోధుమరంగు మచ్చ కనిపించింది. వేలుతో నొక్కితే మగ్గిన సపోటాలోకి దిగినట్టు దిగింది. లోపలంతా నీరే.

“చూశావా, కడుపు మాడ్చావు, పోయింది,” అంది అమ్మ.

రెండో మొక్క తెప్పించాక తీవ్రంగా ఆలోచించాను. మా గుమ్మానికి కలబంద తలకిందులుగా వేలాడుతోంది. మట్టి లేదు, నీళ్ళు లేవు, రెండేళ్ళయింది, ఇంకా పచ్చగానే ఉంది. దాన్ని చూసి మా అమ్మ ఒక్కసారి కూడా “పాపం” అనలేదు. ఎందుకు? అది ఇంట్లో మనిషి కాదు, దిష్టి డ్యూటీలో ఉంది. డ్యూటీలో ఉన్నవాళ్ళకి మన దగ్గర ఎవరూ భోజనం పెట్టరు. ఎండలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని అడగండి.

దీపావళి మర్నాడే కుండీని తాళ్ళతో వీధి వైపు బాల్కనీ గ్రిల్‌కి వేలాడదీశాను. “వీధి దిష్టికి మంచిదటమ్మా” అన్నాను. అమ్మ మొక్క ముందు కాసేపు నిలబడి, ముళ్ళ మధ్య జాగ్రత్తగా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చుక్క నీరు పడితే ఒట్టు! మూడు నెలలు ఆండీస్ పర్వతాల క్రమశిక్షణ హైదరాబాదు అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో నడిచింది. ఇంత సులువైన పద్ధతి విదేశీ తోటమాలులకు తట్టకపోవడం వాళ్ళ దురదృష్టం.

ఫలితం కూడా వచ్చింది. ఎవరైనా పువ్వు తలలో పెట్టుకుంటారు, ఇది మాత్రం మొదలు దగ్గర, పాదాల చుట్టూ పూస్తుంది. మొగ్గలు ముందు ఎర్రటి బుడిపెల్లా కనిపిస్తాయి. ఫిబ్రవరిలో అవి నాలుగు లేచాయి. నేను రోజూ లెక్కపెట్టుకుంటూ, ముందే చెబితే పోతాయేమోనని ఎవరికీ చెప్పలేదు.

శివరాత్రి జాగారం చేసి మర్నాడు ఆలస్యంగా లేచాను. గ్రిల్‌కి తాళ్ళు మాత్రం ఊగుతున్నాయి.

“చుట్టూ ఎర్రగా కురుపులు లేచాయిరా. ఎంత దిష్టి లాగిందో! అమావాస్య కదా, వాచ్‌మన్‌కిచ్చి నాలుగు రోడ్ల దగ్గర పారేయించాను. ఇంకోటి తెప్పించు, బాగా పనిచేస్తుంది.”

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. కూడలిలో పగిలిన గుమ్మడికాయలు, కుంకుమ పూసిన నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు. వాటి మధ్య నా రెబూటియా పక్కకి ఒరిగి ఉంది. ఎండ తగిలి ఒక పువ్వు విచ్చుకుంది, నిప్పుకణికలాంటి నారింజ రంగు. స్కూటర్లన్నీ దాన్ని తొక్కకుండా పద్ధతిగా పక్కనుంచి పోతున్నాయి.

నేను చదువుకున్నవాణ్ణి. ఈ దిష్టి కథ అల్లింది కూడా నేనే. వంగి చెయ్యి చాచాను. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను. తర్వాత చెయ్యి జేబులో పెట్టుకుని, గుమ్మడికాయ ముక్కలు తొక్కకుండా, కాస్త చుట్టు తిరిగి ఇంటికొచ్చేశాను.