పుస్తకాలొచ్చాయి, తెరలొచ్చాయి... నడిపే మనిషేరీ?

సర్కారు బడిలో లైబ్రరీ ఎక్కడని అడిగితే చాలాచోట్ల హెడ్మాస్టర్ గదిలో ఉన్న బీరువా చూపిస్తారు. తాళంచెవి ఇన్‌ఛార్జి టీచర్ దగ్గరుంటుంది. ఆయన సెలవు పెడితే బీరువాకూ సెలవే. ఆయన బడిలో ఉన్న రోజు కూడా తలుపు తీయడానికి జంకుతారు. పుస్తకాల మీద అయిష్టం కాదు, స్టాక్ రిజిస్టర్ భయం. రేపు బదిలీ అయి ఛార్జి అప్పగించేటప్పుడు నాలుగు పుస్తకాలు తగ్గితే జేబులోంచి కట్టమంటారేమోనని టెన్షన్.

విద్యాహక్కు చట్టం 2009లోనే ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని చెప్పింది. పత్రికలు, కథల పుస్తకాలు కూడా ఉండాలంది. 6 నుంచి 8 తరగతుల్లో వంద మంది దాటితే చిత్రకళ, వ్యాయామం, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని అదే చట్టం షెడ్యూల్ చెబుతుంది. లైబ్రేరియన్ ఊసు మాత్రం అందులో లేదు. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. పుస్తకాలకు సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం గ్రాంటు ఉంది. వాటిని పిల్లల చేతికి చేర్చే పని మాత్రం లెక్కల సారుకో, తెలుగు మేడమ్‌కో అదనపు బాధ్యతగా మిగిలిపోయింది.

లైబ్రరీ పనిలో శిక్షణ ఉంటే ఏం మారుతుందో ఆ రిజిస్టర్ భయంతోనే చూడొచ్చు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం ఉంది. ఏడాదిలో పాఠకులు వాడిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోయినా, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే, దాన్ని సహజ నష్టంగానే చూడొచ్చంటుంది. వెయ్యి రూపాయలు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఇది కేంద్ర నియమం, రాష్ట్ర బడులకు దానంతటదే వర్తించదు. కానీ చదివే పుస్తకం కొంత పోతుందని, నలుగుతుందని లైబ్రరీ వృత్తి ఎప్పుడో ఒప్పుకుంది. ఆ సంగతి తెలిసినవాళ్లు మన విద్యాశాఖను కూడా అలాంటి ఉత్తర్వు అడగగలరు. తెలియనివాళ్లు తాళం వేస్తారు.

అలాగని లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లను తెచ్చి పెడితే సరిపోతుందా? నాకు అనుమానమే. ఆ కోర్సులో పుస్తకాల వర్గీకరణ, కేటలాగింగ్ (పుస్తకాల జాబితా తయారీ) గట్టిగా నేర్పుతారు. నాలుగో తరగతిలో కూడబలుక్కుని చదివే పిల్లకు ఏ పుస్తకం ఇవ్వాలి, కథ పైకి చదువుతూ ఎక్కడ ఆగాలి అన్నవి అందులో అంతగా ఉండవు. బీఈడీలో పిల్లల సంగతి ఉంటుంది, లైబ్రరీ నడిపే పని ఉండదు. బడికి కావలసిన మనిషి ఈ రెండింటి మధ్యలో ఉన్నారు.

ఇప్పుడు తెరలు కూడా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకం కింద బాగుచేసిన బడులకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (తాకితే పనిచేసే పెద్ద తెరలు) బిగించారు, 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. పాఠ్యపుస్తకాల్లో దీక్షా అనే ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదికకు తీసుకెళ్లే క్యూఆర్ కోడ్‌లున్నాయి. కిరణజన్య సంయోగక్రియ వీడియో పెట్టి అయిపోయేదాకా వదిలేస్తే అది టీవీ. మధ్యలో ఆపి, "ఇప్పుడు ఈ ఆకును చీకట్లో పెడితే?" అని అడిగితే పాఠం. స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే తెలుగు కథను అదే ప్యానెల్ మీద పెట్టి క్లాసంతా కలిసి చదివితే, బీరువాలో ఒక్కటే ఉన్న పుస్తకం కోసం కొట్టుకునే పని ఉండదు. అందుకే పుస్తకానికి ఒకరు, తెరకు ఒకరు అని విడదీయడం దండగ. అమెరికాలో బడి లైబ్రేరియన్లు, ఆడియో-విజువల్ నిపుణుల సంఘాలు 1969లోనే కలిసి ఉమ్మడి ప్రమాణాలు రాసుకున్నాయి.

ప్రతి బడికీ కొత్త పోస్టు అంటే ఆర్థికశాఖ ఫైలు కదలదు, అది అందరికీ తెలిసిందే. ఉన్న టీచర్లలో ఇష్టమున్నవాళ్లకు డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ) కళాశాలల్లో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టొచ్చు. వేసవిలో కొన్ని రోజులు తరగతులు, మిగతాది వాళ్ల బడి బీరువా దగ్గరే అభ్యాసం. ఒక రోజు ఓరియంటేషన్, హాజరు సంతకం, టీ బిస్కెట్ తరహా శిక్షణైతే మాత్రం వద్దు. కోర్సు చేసినవాళ్లకు వారానికి ఆరేడు పీరియడ్లు తగ్గించి లైబ్రరీకి ఇవ్వాలి. టైమ్‌టేబుల్లో లైబ్రరీ పీరియడ్ అని రాసి, ఆ గంటలో పదో తరగతి లెక్కల సిలబస్ పూర్తి చేయించే అలవాటును హెడ్మాస్టర్లు మానకపోతే ఆ సర్టిఫికెట్ కూడా బీరువాలోకే పోతుంది.