వీసాను దాచిన లెక్క

అమెరికాలోని వలసదారులను పుట్టిన దేశం ప్రకారం వరుసలో నిలబెట్టి మార్కులు వేసే పట్టికలకు మళ్లీ గిరాకీ వచ్చింది. కుటుంబ ఆదాయం, కాలేజీ డిగ్రీ, సొంత ఇల్లు, ప్రభుత్వ సాయం అనే నాలుగు గళ్లు గీసి, పైన నిలిచిన దేశం వారిని మేలైన వలసగా, కింద మిగిలిన దేశం వారిని మోయలేని భారంగా తేల్చేస్తున్నారు. ఇప్పుడు ఆ పద్ధతి ఇజ్రాయెల్, పెరూ వలసదారులను పక్కపక్కన నిలబెట్టింది. ఇజ్రాయెల్ నుంచి వచ్చినవారు ఎక్కువ చదివారు, ఎక్కువ సంపాదిస్తున్నారు, ఎక్కువ కంపెనీలు పెట్టారు. పెరూవారు అన్నింటిలోనూ వెనుకబడ్డారు. కాబట్టి ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో వేరే చెప్పాలా అన్నది దాని తాత్పర్యం. సగటులలో తేడా నిజమే. కానీ ఎవరు ఏ వీసాపై అడుగుపెట్టారో చెప్పే గడి ఆ పట్టికలో కనిపించదు. అది లేకుండా మిగతా గళ్లన్నీ నింపడాన్ని ఈ పత్రిక గణాంకశాస్త్రంగా గుర్తించలేదు.

ఏ దేశానికైనా తనకు కావలసినవారిని ఎంచుకునే హక్కు ఉందని, వలస విధానానికి లెక్కలే ఆధారం కావాలని ఈ పట్టికల సమర్థకులు అంటారు. ఆ హక్కును ఎవరూ కాదనడం లేదు. ఎంచుకున్నది తానేనన్న సంగతిని తుడిచివేసి, ఆ ఎంపిక ఫలితాన్ని వచ్చినవారి పుట్టుక లక్షణంగా చూపించడం వద్దే మా అభ్యంతరం మొదలవుతుంది.

వయోమింగ్, యూటా, కొలరాడో కొండ మేతభూములలో గొర్రెల మందలను కాసేవారిలో అత్యధికులు పెరూవారు. హువాంకాయో చుట్టుపక్కల ఆండీస్ పల్లెల నుంచి, హెచ్-2ఏ అనే తాత్కాలిక వ్యవసాయ వీసాపై, ఒకే యజమానికి కట్టుబడి వస్తారు. రోజుకు ఇరవై నాలుగు గంటలూ మందకు బాధ్యులైన ఈ కాపరుల జీతం చాలా రాష్ట్రాలలో ఏళ్ల తరబడి నెలకు 750 డాలర్ల దగ్గరే ఆగిపోయింది; గంటకు ఇంత అనే కనీస వేతన సూత్రం వారికి వర్తించకుండా ప్రత్యేక నిబంధనలు అడ్డుపడ్డాయి. ప్రజలకు నోటీసు ఇవ్వకుండా ఆ నిబంధనలు తేవడం చెల్లదని 2014లో ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం చెప్పాక, 2015 చివరలో కార్మిక శాఖ కొత్త నియమం తెచ్చి జీతాన్ని దశలవారీగా దాదాపు రెట్టింపు చేయవలసి వచ్చింది. నెలకు 750 డాలర్లని ప్రభుత్వమే ఖరారు చేసి, ఆ పనికి పెరూ మనిషినే పిలిపించుకుని, తర్వాత పెరూవారి సగటు ఆదాయం తక్కువగా ఉందని ఆశ్చర్యపోవడం కంటే మించిన నటన ఉంటుందా?

న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో ఉన్న పెరూ సమాజానిదీ ఇలాంటి చరిత్రే. ఒకప్పుడు పట్టు మిల్లులతో వెలిగిన ఆ పట్టణానికి 1960ల నుంచి పెరూవారు చేరడం మొదలుపెట్టారు. బట్టల మిల్లులకు చవక చేతులు కావలసి వచ్చాయి, ఆ చేతులు పెరూ రాజధాని లీమా నుంచి వచ్చాయి. మిల్లులు మూతపడినా మనుషులు ఉండిపోయి హోటళ్లు, దుకాణాలు పెట్టుకుని వాడలకు మళ్లీ ప్రాణం పోశారు. 1980లలో వచ్చినవారి పరిస్థితి వేరు. పెరూలో ఒకవైపు ‘షైనింగ్ పాత్’ అనే మావోయిస్టుల తిరుగుబాటు, మరోవైపు సైన్యం ఊచకోతలు. ఆ హింసలో దాదాపు 69,000 మంది చనిపోయారనో, కనిపించకుండా పోయారనో పెరూ సత్యశోధన సంఘం 2003లో అంచనా వేసింది. 1990లో ధరల పెరుగుదల ఏడాదికి ఏడు వేల శాతం దాటింది. ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు ఉన్న కొద్దిపాటి ఆస్తిని అమ్ముకుని, దొరికిన దారిన బయటపడ్డారు. అలా వెళ్లినవారి పట్టాలకు అమెరికాలో గుర్తింపు దొరకడం ఎంత కష్టమో, తుడుపు పనిలో, వంటగదిలో ఎన్నేళ్లు గడిచిపోతాయో మన డాక్టర్లను, దంతవైద్యులను అడిగినా చెబుతారు. ఇంత జరిగినా అమెరికాలోని పెరూ మూలాలవారిలో పట్టభద్రుల శాతం లాటినోల సగటు కంటే బాగా ఎక్కువ. ఆ అంకెను పట్టిక తయారుచేసినవారు పక్కన పెట్టేశారు, ఎందుకంటే వారికి కావలసిన కథకు అది అడ్డం.

ఇజ్రాయెలీల దారి చూడండి. జాతీయాదాయంలో ఐదు శాతానికి పైగా పరిశోధనకు ఖర్చుపెట్టి, ఆ విషయంలో ప్రపంచంలోనే ముందున్న దేశం అది. పెరూ ఖర్చు 0.2 శాతం కూడా లేదు. సైన్యంలోని సాంకేతిక విభాగాలలో యువతకు ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ దొరుకుతుంది, ఆ సైన్యానికి అమెరికా ఏటా 380 కోట్ల డాలర్ల సాయం అందిస్తుంది. రెండు దేశాల కంపెనీలు కలిసి పరిశోధన చేసేందుకు 1977లోనే ఉమ్మడి నిధి ఏర్పడింది. అమెరికా కుదుర్చుకున్న మొట్టమొదటి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 1985లో ఇజ్రాయెల్‌తోనే. పెట్టుబడి పెట్టి వ్యాపారం నడుపుకునేందుకు ఇచ్చే ఈ-2 వీసా 2019 నుంచి ఇజ్రాయెలీలకు అందుబాటులో ఉంది, 2023 నుంచి స్వల్పకాలిక ప్రయాణాలకు వీసా అవసరమే లేకుండా పోయింది. పెరూ పౌరుడికి ఈ రెండు సదుపాయాలూ లేవు. అతని దేశంతో వాణిజ్య ఒప్పందం 2009లో అమలులోకి వచ్చింది గానీ, అది సరుకులకు తీసిన తలుపు మనుషులకు తీయలేదు. ఇజ్రాయెల్ నుంచి అమెరికా చేరేది చాలావరకు ఒక చిన్న దేశపు ఇంజినీర్లు, వ్యాపారులు, పరిశోధకులు. అక్కడ పుట్టి అమెరికాలో ఉన్నవారందరూ కలిపి లక్షన్నర దరిదాపు. అంత జల్లెడ పట్టి తెచ్చుకున్న గుంపు సగటు ఎక్కువగా ఉండకపోతేనే వింత. వారి శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. 1976లో సాక్షాత్తు ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్ దేశం విడిచిన తన పౌరులను బలహీనులలో రాలిపోయినవారని ఈసడించాడు. సొంత దేశం అలా చూసిన మనుషులే నేడు పట్టికకు ఆదర్శ వలసదారులయ్యారు.

పైగా ఎవరిని ఇజ్రాయెలీ అంటున్నారో, ఎవరిని పెరూవియన్ అంటున్నారో పట్టికకే తెలియదు. పుట్టిన దేశాన్ని లెక్కలోకి తీసుకుంటే, సోవియట్ యూనియన్‌లో పుట్టి, టెల్ అవీవ్‌లో చదివి, కాలిఫోర్నియా చేరిన ఇంజినీరు ఇజ్రాయెల్ ఖాతాలో పడడు. ఇజ్రాయెల్ జనాభాలో ఐదో వంతు ఉన్న అరబ్బులలో అమెరికా వెళ్లినవారు మాత్రం అందులోనే పడతారు. పెరూ ఉత్తర ప్రాంతంలో యూదు మతాన్ని తమంతట తాముగా చేపట్టిన కొన్ని కుటుంబాలను 1989లో రబ్బీలు (యూదు మతగురువులు) వచ్చి పరీక్షించి మతంలోకి స్వీకరించారు, మరుసటి ఏడాదే ఆ కుటుంబాలు ఇజ్రాయెల్ పౌరసత్వం పొందాయి. వారు ఏ గడికి చెందుతారు? ప్రసంగవశాత్తు గుర్తు చేసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. తాము యూదులమని చెప్పుకొనే మన గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రాంతపు బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలకు ఆ తలుపు ఇంతవరకూ తెరుచుకోలేదు. భక్తిలో తేడా ఉందో లేదో దేవుడికే తెలియాలి, దరఖాస్తు చూసే అధికారి నిర్ణయంలో మాత్రం తేడా ఉంది.

పెరూవారే వేరే దేశాలకు వెళితే వేరే ఫలితాలు వస్తాయి. 1990లో జపాన్ తన వలస చట్టాన్ని సవరించి జపాన్ సంతతికి తలుపు తీసినప్పుడు పెరూ నుంచి వేలాదిమంది వెళ్లి కార్ల విడిభాగాల కర్మాగారాలలో కుదురుకున్నారు. ఇటలీలోని మిలాన్‌కు ముసలివారిని చూసుకునే పనికి మహిళలు వెళ్లారు. స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు చేసి 2001లో పెరూ అధ్యక్షుడైన తొలెదో ఒకప్పుడు ఫుట్‌బాల్ ఉపకార వేతనంతో అమెరికాలో చదువుకున్న పేద కుర్రవాడు. ఆ తర్వాత అవినీతి కేసులో జైలుకు వెళ్లాడన్నది వేరే కథ. ఒకే దేశపు మనుషులు ఒకచోట కాపరులు, ఒకచోట కర్మాగార కార్మికులు, ఒకచోట ఆయాలు, ఒకచోట ఆచార్యులు. దీనిలో ‘పెరూ గుణం’ ఏదో పట్టిక కర్తలే చెప్పాలి.

మా ఆందోళన ఈ ఒక్క పట్టికతో ఆగదు. ఇలాంటి లెక్క ఎక్కడికి దారితీసిందో చరిత్ర చెప్పింది, అదీ ఇప్పుడు పై వరుసలో కూర్చోబెట్టిన యూదుల విషయంలోనే. 1913లో న్యూయార్క్ రేవులోని వలసదారుల తనిఖీ కేంద్రం ఎల్లిస్ ఐలాండ్‌లో ఓడ దిగినవారికి మనస్తత్వవేత్త హెన్రీ గొడార్డ్ బృందం బుద్ధి పరీక్షలు పెట్టింది. తాము పరీక్షించిన యూదులలో 83 శాతం మందబుద్ధులని ఆయన ప్రకటించాడు. అలసిపోయి, భాష రాక, భయపడుతూ నిలబడిన మనుషులపై వచ్చిన అంకె అది. 1923లో మరో మనస్తత్వవేత్త కార్ల్ బ్రిగమ్ అమెరికా సైనికులకు పెట్టిన బుద్ధి పరీక్షల అంకెలతో దక్షిణ, తూర్పు ఐరోపా వలసదారులు బుద్ధిలో తక్కువవారని తేల్చాడు. ఆ మరుసటి ఏడాది, 1924లో, దేశాలవారీ కోటాల చట్టం వచ్చింది. 1930లో బ్రిగమ్ తన నిర్ధారణలకు ఆధారం లేదని స్వయంగా ఒప్పుకున్నాడు, కానీ చట్టం అప్పటికే పని మొదలుపెట్టింది. 1939లో తొమ్మిది వందల మందికి పైగా యూదు శరణార్థులతో వచ్చిన ‘సెయింట్ లూయీ’ ఓడను క్యూబా, అమెరికా రెండూ కాదన్నాయి. ఐరోపాకు తిరిగి వెళ్లినవారిలో 254 మంది నాజీల మారణకాండలో చనిపోయారు. అప్పుడు కింది గడిలో ఉన్నవారు ఇప్పుడు పై గడిలో ఉన్నారు, మధ్యలో వారి రక్తమేమీ మారలేదు. దేశాలవారీ కోటాలను రద్దు చేయడానికి 1965 దాకా ఆగవలసి వచ్చింది. ఆ రద్దు వల్లనే మన తొలి తరం డాక్టర్లు, ఇంజినీర్లు అమెరికాలో కాలుపెట్టగలిగారని మరచిపోతే ఎలా?

ఈ ఆలోచన తీరు ఒక్క అమెరికాకే పరిమితమని మేమనడం లేదు. తమ పౌరులను అమెరికా పట్టికలకు ఎక్కిస్తే బాధపడే పెరూ రాజకీయులు, పదిహేను లక్షలకు పైగా వెనెజువెలా శరణార్థులు తమ దేశంలోకి వచ్చినప్పుడు నేరాల లెక్కలు తీసి వారి ముఖాన వేశారు, 2019 జూన్ నుంచి వీసా లేనిదే రావద్దన్నారు. రేపు వెనెజువెలావారు ఇంకెవరి మీద ఈ లెక్క వేస్తారో తెలియదు. ఒకసారి అంగీకరించిన కొలత ఎవరి చేతిలోనైనా పనిచేస్తుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఇక మన సంగతి. ఇలాంటి పట్టికలు వచ్చినప్పుడల్లా భారతీయ అమెరికన్ల ఆదాయాన్ని వెతికి, పై వరుసలో చూసుకుని, వాట్సాప్ బృందాలలో పంచుకుని మురిసిపోయే అలవాటు తెలుగునాట బాగా పాతుకుపోయింది. హెచ్-1బీ వీసాల ఆమోదాలలో 70 శాతానికి పైగా భారతీయులవే, అందులో తెలుగువారి వాటా చిన్నది కాదు. డిగ్రీ ఉంటేనే ఇచ్చే వీసాపై వెళ్లినవారి సగటు చదువు ఎక్కువగా ఉండటంలో జాతి గొప్పతనం ఎంత, వీసా నిబంధన ఎంత? జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి నుంచి దుబాయ్, సౌదీ పోయినవారూ తెలుగువారే. కడప, రాయచోటి, కోనసీమల నుంచి కువైట్ ఇళ్లలో వంటకూ, పిల్లల పెంపకానికీ వెళ్లిన తల్లులూ తెలుగువారే. పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టుపై ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) ముద్ర వేసి పంపేది మన ప్రభుత్వమే. ఒకే మండలం నుంచి ఒకడు డల్లాస్‌కు, మరొకడు దమ్మామ్‌కు వెళితే, పదేళ్ల తర్వాత ఇద్దరి బ్యాంకు ఖాతాలను పోల్చి తెలుగుజాతి గుణగణాలు చెబుతామంటే ఎవరు ఒప్పుకుంటారు? ఇజ్రాయెల్‌లోనే నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలవారు ఏళ్లుగా వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్నారు. 2024లో అక్కడి నిర్మాణ పనులకు హైదరాబాద్‌లో ఎంపికలు జరిగాయి. రేపు అక్కడి అధికారి ఒకరు ‘ఇజ్రాయెల్‌లోని భారతీయులు, ఐరోపావారు’ అని పట్టిక వేస్తే మనవారు ఏ వరుసలో నిలుస్తారో చెప్పనక్కరలేదు. ఆ దేశంలో మనం పెరూవారి స్థానంలోనే ఉన్నాం.

పై వరుస మనల్ని కాపాడుతుందన్న భ్రమ కూడా ఈపాటికి పోయి ఉండాలి. 1923లో, పంజాబ్ నుంచి వెళ్లిన భగత్‌సింగ్ థింద్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడైనా, కాలిఫోర్నియాలో చదివినవాడైనా, శ్వేతజాతివాడు కాడన్న ఒక్క కారణంతో అక్కడి సుప్రీంకోర్టు అతనికి పౌరసత్వాన్ని నిరాకరించింది. 2025 ఫిబ్రవరిలో 104 మంది భారతీయులను సంకెళ్లతో సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించినప్పుడు మన సగటు ఆదాయం ఎవరి చేతికీ అడ్డురాలేదు. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు దెబ్బ ఎక్కువగా పడింది పట్టికలో పైనున్న మన మీదే. కింద ఉన్నవారిని భారమన్నవారే, పైన ఉన్నవారిని ఉద్యోగాలు దోచుకునేవారంటున్నారు.

ఇంత జరిగాక కూడా లక్ష డాలర్ల రుసుముపై గోడు వెళ్లబోసుకుంటూ, మేము పెరూవారివంటి వాళ్లం కాదు, మాది పై వరుస అని వాదించే ధోరణి మనవారిలో తగ్గలేదు. ఆ వాదనకు అర్థం ఒక్కటే: వరుస కట్టడం సరైనదే, మా చోటు మాకు ఉంచండి అని అడగడం. అమెరికాలోని తెలుగు సంఘాలు వార్షిక సభల వేదికలపై సగటు ఆదాయం బొమ్మలు చూపించి చప్పట్లు కొట్టించుకోవడం మానాలి. కాపరుల వేతనం మీద వ్యాజ్యం నడిచినప్పుడు ఒక్క వినతిపత్రమైనా రాసినట్టు వినబడని ఆ సంఘాలు, ఇప్పుడు తమ సభ్యుల వీసాల కోసం న్యాయం గురించి ఎవరికి పాఠాలు చెబుతున్నాయి? ఇజ్రాయెలీలు పైన, పెరూవారు కింద అని చదివి తలూపిన ప్రతి తెలుగు పాఠకుడూ, జగిత్యాల నుంచి వెళ్లి టెల్ అవీవ్‌లో ఎవరి తల్లికో స్నానం చేయిస్తున్న తన ఊరి మనిషిని ఏ వరుసలో కూర్చోబెట్టాడో ఆ మనిషి ఇంటికి వెళ్లి చెప్పగలడా?