ఎవరిదో తేలని కాలికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ప్లాస్టరు పాదం గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి.

కాళ్ళకు దండం పెట్టడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటే గానీ, కాలికి ఉత్తరం రాయడం ఇదే మొదలు. పాదం కాబట్టి మీరు అనాలి. కానీ ఎవరి పాదమో తేలేదాకా నువ్వు అనే అంటాను. తేలిన రోజున మారుస్తాను. అరవై ఏళ్ళు దాటినా తేలలేదు కాబట్టి నాకేం భయం లేదు.

మన పరిచయం ఎలా అయిందో చెప్తాను. మా పెద్ద బావమరిది వాషింగ్టన్ రాష్ట్రంలో, బోథెల్‌లో ఉంటాడు. కిందటి సంక్రాంతికి వస్తూ బాదంపప్పు, చాక్లెట్లు, నొప్పుల మాత్రల డబ్బాతో పాటు నిన్ను తెచ్చాడు. మూడంగుళాల తెల్లటి కాలు, వెనకాల అయస్కాంతం. "బిగ్‌ఫుట్, బావా! మా అడవుల్లోనే ఉంటుంది" అన్నాడు, తనే దాణా వేసి పెంచుతున్నట్టు. మనిషిలా రెండు కాళ్ళ మీద నడిచే, ఒళ్ళంతా బొచ్చున్న పెద్ద జంతువట. ఉందని కొందరు, లేదని కొందరు. వేసవికి శాక్రమెంటో నుంచి చిన్న బావమరిది వచ్చాడు. ఫ్రిజ్ మీద నిన్ను చూసి మొహం చిట్లించి, సూట్‌కేసులోంచి ఇంకో కాలు తీశాడు. "అసలు కాలు మాది బావా. కాలిఫోర్నియాలో దొరికింది. అన్నయ్యది డూప్లికేటు." ఆ మాట ఫోన్లో అమెరికా చేరింది. అప్పటినుంచి అన్నదమ్ములిద్దరూ మా ఇంటి వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు కూడా పెట్టుకోవడం లేదు. ఆ జంతువును ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

ఈ జబ్బు మా ఆవిడ పుట్టింట్లోనే ఉందా, బయట కూడా ఉందా అని చదవడం మొదలుపెట్టాను. బయటే ఎక్కువుంది. అది నీతోనే పుట్టింది.

నీ జాతకం విషయంలో మా చిన్న బావమరిది మాటే నిజం. 1958లో ఉత్తర కాలిఫోర్నియాలో, బ్లఫ్ క్రీక్ అనే వాగు దగ్గర కలప కోసం అడవిలో రోడ్డు వేస్తున్నారు. బుల్డోజరు నడిపే జెర్రీ క్రూ ఒక ఉదయం పనికి వచ్చేసరికి బండి చుట్టూ పదహారంగుళాల అడుగులు. కొన్ని వారాలు చూశాడు, మనుషులు నమ్మేలా లేరు. చచ్చిన జంతువుల తోళ్ళలో పూరకం కూరి బతికున్నట్టు నిలబెట్టే బాబ్ టిట్మస్ అనే స్నేహితుడి దగ్గర ప్లాస్టరు కలపడం నేర్చుకొని, అడుగులో పోశాడు. అదిగో, నువ్వు పుట్టావు. అక్టోబర్ 5న హంబోల్ట్ టైమ్స్ పత్రికలో ఫోటో పడింది. బారసాలలో మేనమామ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు క్రూ నిన్ను ఎత్తుకొని నిలబడ్డాడు. బిగ్‌ఫుట్ అన్న పేరు ఆ వార్తతోనే లోకం మీద పడింది.

మా దగ్గర కాలు విరిగినవాడికి పిండికట్టు వేస్తారు. ముందు కాలు, తర్వాత కట్టు. నీ విషయంలో కట్టు మాత్రమే ఉంది. కాలు ఇంకా రావాలి.

అడుగులంటే మాకు కొత్త కాదు సుమా. లేపాక్షిలో రాతి మీద ఇంతకన్నా పెద్ద అడుగుంది. సీతమ్మదని కొందరు, ఆంజనేయుడిదని కొందరు అంటారు. రెండు పార్టీల వాళ్ళూ పక్కపక్కనే నిలబడి, అందులోని నీళ్ళు నెత్తిన చల్లుకొని, కట్టుకొచ్చిన పులిహోర పంచుకొని తిని, ఒకే బస్సులో తిరిగొస్తారు. ఎవరూ కొలతలు తీయరు. నువ్వు అక్కడ పుట్టి ఉంటే హాయిగా ఉండేవాడివి.

కానీ నిన్ను ఒకసారి వెనక్కి తిప్పి చూసుకో. దొరికిన చోటు, తేదీ, ప్లాస్టరు పోసినవాడి పేరు రాసి ఉంటాయి. నడిచిపోయినదాని పేరు ఉండాల్సిన చోట ఖాళీ. గొడవంతా అక్కడే ఉంది. నీ వల్ల పేరొచ్చింది నడిచినదానికి కాదు, పోసినవాడికి. ఒకడు పోసిన కాలు నిజమైతే ఆ పేరు వాడికే పోతుంది. కాబట్టి మిగతావాళ్ళందరికీ అది అబద్ధమవడమే మంచిది.

ఈ జంతువును వెతికినవాళ్ళలో, మొదటి తరంలో పేరున్నవాళ్ళు నలుగురు. బైబిల్లో ప్రళయానికి ముందు వచ్చే నలుగురు రౌతుల పేరే వీళ్ళకూ తగిలించారు. కెనడాలో అగాసిజ్ అనే చిన్న ఊళ్ళో వారపత్రిక నడిపిన జాన్ గ్రీన్. స్విట్జర్లాండ్ నుంచి 1953లో కెనడా వచ్చి, ఓ పశువులశాలలో పనిచేస్తూ ఈ కథ విని, ఇక మరో కథ వినిపించుకోని రెనె డహిండెన్. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో మానవశాస్త్రం చెప్పిన గ్రోవర్ క్రాంట్జ్. నాలుగోవాడు ఐర్లాండ్ నుంచి వచ్చిన పీటర్ బర్న్. ఈయన మన ఉత్తర బెంగాల్ తేయాకు తోటల్లో పనిచేసి, నేపాల్లో వేట ఆడించి, యతి అనే హిమాలయాల మంచుమనిషి కోసం వెతికి అమెరికా చేరాడు. 1959లో నేపాల్లోని పాంగ్‌బోచె మఠంలో యతి చెయ్యి అని దాచుకున్న దానిలోంచి ఒక వేలు తెచ్చి, దాని స్థానంలో మనిషి వేలి ఎముక పెట్టి వచ్చాడు. ఆ వేలు కలకత్తా మీదుగా హాలీవుడ్ నటుడు జేమ్స్ స్టీవార్ట్ దంపతుల సామానులో లండన్ చేరింది. 2011లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే మనిషి వేలని తేలింది. అంటే అంత సాహసం చేసి, మనిషి వేలు తీసి మనిషి వేలే పెట్టి వచ్చాడన్నమాట.

ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు. టామ్ స్లిక్ అనే టెక్సాస్ నూనెబావుల కోటీశ్వరుడు 1959లో గ్రీన్‌నూ, డహిండెన్‌నూ, టిట్మస్‌నూ బిగ్‌ఫుట్‌ను వెతికే ఒకే యాత్రలో పెట్టాడు. అది చాలదన్నట్టు నేపాల్ నుంచి బర్న్‌ను రప్పించి పెత్తనం చేతిలో పెట్టాడు. అడవిలో జంతువు అడుగుల కన్నా వీళ్ళ అలకల జాడలే ఎక్కువ కనిపించాయి. గ్రీన్, డహిండెన్ బయటికొచ్చేశారు. 1962లో స్లిక్ విమాన ప్రమాదంలో పోయాడు, యాత్ర ముగిసింది. డహిండెన్‌కు బర్న్ అంటే పడదు, క్రాంట్జ్ అంటే అసలే పడదు. గ్రీన్‌తో మొదట మంచి స్నేహమే గానీ, పోనుపోను అదీ పులిసిపోయింది.

నీకు బాగా గిరాకీ పెరిగిన కాలం 1969 చివర, బాస్‌బర్గ్. వాషింగ్టన్ రాష్ట్రంలో కెనడా సరిహద్దు దగ్గర, చెప్పుకోదగ్గ జనం లేని ఊరు. అక్కడ వంకరపోయిన కుడిపాదంతో కొత్త అడుగులు పడ్డాయి. డిసెంబరు మంచులో డహిండెన్ కూర్చొని లెక్కపెడితే 1,089. పెళ్ళి చదివింపులు కూడా ఎవరూ అంత శ్రద్ధగా లెక్కపెట్టి ఉండరు. వార్త పొక్కగానే అందరూ దిగారు. ఒకరి బండి ఎటు పోతే ఇంకొకరి బండి దాని వెనకాల. ఇంతలో ఊళ్ళో ఒకాయన, నా దగ్గర ప్రాణంతో ఉన్నదే ఉంది, కొంటారా అన్నాడు. నీళ్ళలో బర్రెను చూపించి గట్టు మీద బేరం చేస్తాడన్న సామెత మనకుంది. అక్కడ బర్రె నీళ్ళలో కూడా లేదు. అయినా పాట లేచింది, మనం కొనకపోతే పక్కవాడు కొంటాడేమోనన్న టెన్షన్‌తో. చివరికి జంతువు లేదు గానీ దాని కాలొకటి ఫ్రీజర్‌లో ఉందన్నాడు. అదీ బయటికి రాలేదు.

ఆ అడుగులను వీళ్ళకు చూపించిన ఐవాన్ మార్క్స్ మరుసటి ఏడాది ఏకంగా సినిమానే తీశానన్నాడు. బర్న్ వెళ్ళి విచారిస్తే చెప్పిన చోటు వేరు, తీసిన చోటు వేరు. సీలు వేసి భద్రంగా దాచిన డబ్బా తెరిస్తే అందులో పాత కార్టూను రీలుందని చెప్పుకుంటారు. మరి ఇంత జరిగాక ఆ వంకరకాలి సంగతేమిటి? ప్రొఫెసర్ క్రాంట్జ్‌ను నమ్మించింది ఆ కాలే! లోపల ఎముకలు ఎలా ఉంటాయో బొమ్మ గీసి, ఇంత శరీరశాస్త్రం తెలిసిన మోసగాడు ఉండడన్నాడు. మోసగాడికి శరీరశాస్త్రం తెలియకపోయినా, అచ్చులో శరీరశాస్త్రం వెతికే పండితుడొకడు దొరికితే చాలని నాకనిపిస్తుంది. పిట్టగోడ మీద పాచిలో ఏనుగును చూసే పిల్లలు మా వీధిలోనూ ఉన్నారు.

సినిమా అంటే అసలు సినిమా గుర్తొచ్చింది. 1967 అక్టోబర్ 20, నీ పుట్టిల్లు బ్లఫ్ క్రీక్. రోజర్ పాటర్సన్, బాబ్ గిమ్లిన్ గుర్రాల మీద పోతుంటే ఒకటి వాగు పక్కన నడుచుకుంటూ పోయిందట. ఒక్క నిమిషం కూడా లేని ఫిల్ము. కెమెరా అద్దెది, గడువులోపు తిరిగివ్వలేదని పాటర్సన్ మీద కేసు కూడా ఉంది. టిట్మస్ తొమ్మిది రోజుల తర్వాత వెళ్ళి పది అచ్చులు పోసుకొచ్చాడు. లండన్లో గ్రీవ్ అనే నిపుణుడు 1971లో చూసి, సెకనుకు 24 ఫ్రేములతో తీస్తే ఇది మామూలు మనిషి నడక, 16తోనో 18తోనో తీస్తే మనిషి నడక కాదన్నాడు. కెమెరా ఏ వేగంలో పెట్టాడో పాటర్సన్‌కు గుర్తులేదు. అంత పెద్ద జంతువు ఒక చిన్న మీట మీద ఆధారపడి బతుకుతోంది. పాటర్సన్ 1972 జనవరిలో క్యాన్సర్‌తో పోయాడు.

డహిండెన్ ఏం చేశాడనుకున్నావు? జంతువును వదలలేదు, ఫిల్మునూ వదలలేదు. గిమ్లిన్ వాటా కొనుక్కొని, కోర్టుల చుట్టూ తిరిగి, ఆ ఫోటోల మీద హక్కు సంపాదించాడు. ఈ జంతువు ఉందా అని తీర్పు చెప్పిన జడ్జి లేడు. దాని ఫోటో ఎవరిదన్నది మాత్రం లాయర్ల దాకా వెళ్ళింది. తర్వాతెప్పుడో ఒకాయన వేషం వేసుకొని నడిచింది నేనే అన్నాడు. ఇంకొకాయన ఆ వేషం అమ్మింది నేనే అన్నాడు. ఒకరు గుర్రపుతోలంటే ఒకరు కృత్రిమ బొచ్చన్నారు. అబద్ధమని ఒప్పుకోవడంలో కూడా ఇద్దరికీ పడలేదు, చూశావా.

ఇక దొరికితే చంపాలా వద్దా అన్న తగువు. క్రాంట్జ్, గ్రీన్ చంపాల్సిందే అన్నారు, శవం లేకపోతే శాస్త్రం నమ్మదని. క్రాంట్జ్ రాత్రిళ్ళు బండిలో తుపాకీ పెట్టుకొని కొండదారుల్లో తిరిగేవాడు. బర్న్ తుపాకీ పక్కనపెట్టి, చంపకూడదన్నాడు. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కమేనియా కౌంటీ వాళ్ళు 1969లో చట్టమే చేశారు. చంపితే పదివేల డాలర్ల జరిమానా, ఐదేళ్ళ జైలు. చట్టం ఆమోదించిన తేదీ ఏప్రిల్ 1. క్రాంట్జ్ ఇంకో అడుగు ముందుకేసి 1986లో కేవలం అడుగుల ఆధారంగా శాస్త్రీయ నామం పెట్టేశాడు. ఆలు లేదు చూలు లేదు అంటామే, ఆ కొడుక్కి లాటిన్లో సోమలింగమని పేరు. బర్న్ 1976లో పదిహేను వెంట్రుకలు ఎఫ్‌బీఐకి పంపితే జింక జాతివని జవాబొచ్చింది. నీకు పనికొచ్చే సంగతి కాదులే, నీకు వెంట్రుకలు లేవు.

మీ అచ్చుల్లో వేలిముద్రల లాంటి గీతలున్నాయని కూడా క్రాంట్జే చెప్పాడు. అసలుకూ నకిలీకీ తేడా పట్టే గుర్తులు రెండు తనకు తెలుసనీ, అవి మాత్రం చెప్పననీ అన్నాడు. మా ఊరి ఆవకాయ కొలతల రహస్యం లాంటిదన్నమాట. ఈ పిచ్చి వల్ల ఆయనకు కాలేజీలో ప్రమోషన్లు ఆలస్యమయ్యాయి. నిజం చెప్పాలంటే నలుగురిలో నాకు ఎక్కువ జాలి డహిండెన్ మీద. తుపాకీ క్లబ్బులో రాలిన సీసపు గుళ్ళు ఏరి అమ్ముకొని బతికాడు. కుటుంబం చెదిరింది. ఆఖరికి ఒక బీరు ప్రకటనలో కనిపించాడు. అందులో ఆయన కెమెరాకు ఏదో చెప్తుంటే వెనకనుంచి ఆ జంతువు వచ్చి బీరు ఎత్తుకుపోతుంది. జీవితంలో ఆయనకు అంత దగ్గరగా వచ్చింది అదొక్కటే, అదీ డబ్బులు తీసుకున్న మనిషి.

నలుగురిలో ఒక్కరు కూడా నేను కళ్ళారా చూశానని చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో అందరూ నిజాయితీపరులే, రాసిపెట్టుకో.

నీ తండ్రి సంగతి కూడా బయటపడింది. 1958లో ఆ రోడ్డు కాంట్రాక్టరు రే వాలెస్. ఆయన 2002లో పోయాక ఇంట్లోవాళ్ళు అటక మీది పాత సామాను దించినట్టు చెక్కతో చెక్కిన పెద్ద పాదాలు తెచ్చి చూపించి, ఇదంతా మా నాన్న వేళాకోళమన్నారు. ఆ చెక్కకాళ్ళూ నువ్వూ సరిపోలడం లేదని అభిమానులు వెంటనే కొలతలు తీశారు. ఇంట్లోవాళ్ళే ఒప్పుకున్న తండ్రిని కూడా కాదన్న బిడ్డవు నువ్వొక్కడివే.

క్రాంట్జ్ కూడా అదే ఏడాది పోయాడు. నా ఎముకలు మ్యూజియంలో పెట్టండి, నా కుక్కలను నాతోనే ఉంచండి అని రాసిచ్చాడు. 2009లో వాషింగ్టన్ నగరంలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. తన వోల్ఫ్‌హౌండ్ కుక్క అస్థిపంజరం మీదికి ఎగబడుతుంటే నవ్వుతున్నట్టు నిలబెట్టారు. నలభై ఏళ్ళు అందరూ ఎముకలేవీ ఎముకలేవీ అని అడిగారు కదా. వేలెత్తి చూపించడానికి ఇప్పుడు మ్యూజియంలో ఎముకలున్నాయి. కాలి ఎముకలు కూడా పూర్తిగా ఉన్నాయి. నువ్వు వెళ్ళి కొలిచి చూసుకుంటే మంచిది, సరిపోదనుకో.

ఇట్లు,
ఫ్రిజ్ యజమాని.

తా.క.: మొన్న మా అత్తగారు వచ్చారు. ఫ్రిజ్ మీద అటొకటి ఇటొకటి ఉన్న కాళ్ళను చూసి, అమెరికా లక్ష్మీపాదాలు అనుకొని, జరిపి జంటగా పెట్టి, రెండింటికీ పసుపు రాసి బొట్టు పెట్టారు. పిల్లలిద్దరూ కలిసి తెచ్చారా అని మురిసిపోయారు కూడా. రెండూ ఎడమకాళ్ళేనని ఆవిడకు ఇంకా ఎవరమూ చెప్పలేదు.