బూమ్ పంపు దొరవారికి, అర మీటరు బాకీ గురించి

మహారాజశ్రీ బూమ్ పంపు దొరవారి దివ్యసముఖానికి,

తుర్కయంజాల్ నుంచి ఓ సామాన్య గృహస్థు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. మొన్న ఆదివారం మా స్లాబుకు కాంక్రీటు పైకెక్కించడానికి తమరు మా గల్లీకి వేంచేసి, పక్కింటివాళ్ల ర్యాంపు మీద ఒక కాలు, మ్యాన్‌హోల్ మూత మీద ఒక కాలు మోపి, 36 మీటర్ల చేతిని ఆకాశంలోకి చాచినప్పుడు మేమంతా ధన్యులమయ్యాం. మ్యాన్‌హోల్ మూత రెండు ముక్కలైంది. ఫర్వాలేదు, మీ పాదం సోకింది కదా.

తమరు ఏడింటి ముహూర్తానికి రావలసి ఉండగా పదిన్నరకు వచ్చారు. దాని గురించి నేనొక్క మాటా అనను. స్లాబు వేయించుకున్నవాళ్లకు ఒకరు చెప్పేదేముంది? "బయల్దేరినం సార్, సాగర్ రింగ్ రోడ్డు కాడ ఉన్నం" అని తమరి ఆపరేటర్ ఫోన్లో చెప్పాక మా మేస్త్రి చాయ్ మీద చాయ్ తాగాడు. పాలమూరు లేబర్ సెంట్రింగు నీడలో ఒక నిద్ర తీశారు. పంతులుగారు మాత్రం ముహూర్తం తమరి కోసం ఆగదని తేల్చేసి, మేస్త్రితో ఓ తట్టెడు మాలు చేత్తో కలిపించి, అది మూలకు పోయించి, కొబ్బరికాయ కొట్టి, దక్షిణ తీసుకుని వేరే స్లాబుకు వెళ్లిపోయారు. తమరు తగలకూడదని లైన్‌మన్‌ను బతిమాలి 11 కేవీ లైను ఆపించాం గనక, అప్పటిదాకా గల్లీలో ఫ్యాన్లన్నీ ఆగిపోయే ఉన్నాయి. ఆ పూట మా ఇంటిల్లిపాదికీ దక్కిన ఆశీర్వచనాలు ఇక్కడ రాయదగ్గవి కావు.

వడ్డించేవాళ్లు రాకముందే బంతి కూర్చున్నట్టు, తమరికంటే ముందే కాంక్రీటు బండ్లు వచ్చి నిలబడ్డాయి. డ్రమ్ములు తిరుగుతున్నాయి, పైన ఎండ మండుతోంది. ప్లాంటులో లోడ్ చేసిన రెండు గంటల్లోగా బండిలోంచి దించెయ్యాలని రెడీమిక్స్ కాంక్రీటుకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 చెబుతుంది. చలానా మీద టైము చూపించి ఆ ముక్క అంటే డ్రైవరు నాకంటే నిబ్బరంగా, "గట్టిపడితే జర నీళ్లు కొడతం సార్" అన్నాడు. నీళ్లు కొడితే నేను డబ్బు కట్టిన ఎం25 గ్రేడు బలం ఇంకేం మిగులుతుందయ్యా అని నేను అరుస్తుండగానే తమరు సందు మలుపులో దర్శనమిచ్చారు. రాగానే పైపు తడపాలంటూ మా దగ్గర్నుంచే రెండు బస్తాల సిమెంటు పుచ్చుకున్నారు. ఇచ్చాం. దాహంతో వచ్చినవారికి కాదంటామా?

ఇక అసలు సంగతి.

1250 అడుగుల స్లాబు, 5 అంగుళాల మందం, బీములతో కలిపి 22 క్యూబిక్ మీటర్లు. ఈ లెక్క నాది కాదు, మేస్త్రిదీ కాదు. తమరి కంపెనీ పిల్లగాడు టేపు పట్టుకొచ్చి, సెంట్రింగంతా కలయదిరిగి, ఫోన్లో నొక్కి నొక్కి తేల్చింది. "ఒక మీటరు ఎక్కువే చెప్పుకుందామా తమ్మీ?" అని అడిగాను. "ఎందుకు సార్ దండగ, లెక్క మాది, పరేషాన్ కాకుండ్రి" అన్నాడు. కాలేదు.

నైరుతిలో మొదలుపెట్టి బీములు నింపుకుంటూ, వైబ్రేటర్ గుర్రుమంటుండగా, మీరు ఈశాన్యం మూలకు వచ్చారు. అక్కడ గొంతులో ఏదో గరగరలాడింది. చెయ్యి ఒకసారి ఊగింది. ఆగిపోయారు. నాలుగో బండి అప్పటికే డ్రమ్ము కడుక్కుంటోంది. మా స్లాబు మీద 6 అడుగులు ఇటు, 7 అడుగులు అటు ఇంకా ఇనుమే కనబడుతోంది.

ఆపరేటర్ నడుముకు కట్టుకున్న రిమోటు మీంచి చేతులు తీసేసి, "అయిపోయింది సార్" అన్నాడు.

"అయిపోవుడేంది? పైపులో ఉంది కదా!"

"పైపుల ఉన్నది లెక్కల రాదు సార్."

లెక్కలో రాదట! చలానాలో వచ్చింది. బిల్లులో వచ్చింది. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా వచ్చింది. నా స్లాబు దగ్గరికొచ్చేసరికి లెక్కలో రాదట. 5 అంగుళాల పైపు, 36 మీటర్ల పొడవు, ఎంత పడుతుందో బడిపిల్లాడు కూడా చెబుతాడు: దగ్గరదగ్గర 0.45 క్యూబిక్ మీటరు. వెనకాల తొట్టిలో ఉన్నది వేరే. తొట్టి ఖాళీ అయితే పైపులోకి గాలి జొరబడి, చివరి రబ్బరు గొట్టం ఎగిరి పట్టుకున్నవాణ్ణే కొడుతుందని ఆపరేటర్ చెప్పాడు. ఆ మాట ఒప్పుకుంటాను. నా మూల కోసం ఒకడి ప్రాణం మీదికి తేలేను. కానీ ఇదంతా ఆ టేపు పిల్లగాడికి తెలియదా? నీ పొట్టలో ఎంత ఉండిపోతుందో నీ కంపెనీవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

అవును, నీ పొట్టే. ఇందాకటి నుంచి తమరు, మీరు అంటున్నాను, ఇక నావల్ల కాదు.

స్పాంజి బంతి పెట్టి, పైపులో ఉన్నదంతా మళ్లీ తొట్టిలోకి లాక్కున్నావు. మంచి మాలు. నా మాలు. కంకర మెరుస్తూ, ఇంకా మెత్తగా ఉంది. మేస్త్రి లేబర్‌ను కేకేసి తట్టలు అందించాడు. "తొట్టి కింద పెడతం, రెండు నిమిషాలు ఆగు భయ్యా, చేత్తోనే ఎక్కిస్తం" అన్నాడు. "టైం లేదు, ఇబ్రహీంపట్నంల ఇంకో సైటుంది, లోపల సెట్టయితే మిషన్ ఖతం" అన్నాడు నీ మనిషి. తొట్టి అడుగు తలుపు తెరిచాడు. నా ఈశాన్యం మూల మొత్తం నా గేటు ముందు, రోడ్డు మీద, నా కళ్ల ముందే పడింది. మావాళ్లు నాలుగు తట్టలు ఎత్తుకునేలోపే దాని మీద పైపుతో నీళ్లు కొట్టి నిన్ను కడగడం మొదలుపెట్టాడు. ఆ సిమెంటు నీళ్లు తిన్నగా పక్కింటి ముగ్గు మీదికి పోయాయి. పొద్దున్నే ర్యాంపు మీద కాలు పెట్టించుకున్నది కూడా పాపం వాళ్లే.

మా నాన్న కట్టించిన ఇంటి స్లాబు లిఫ్టు మిక్సరుతో పడింది. పొద్దున మొదలుపెడితే రాత్రి లైట్లు కట్టి ముగించారు. ఆలస్యమే, కాదనను. కానీ ఆ రోజు చివరి తట్ట దాకా ఎక్కడ పడిందో అందరికీ తెలుసు. మాలు మిగిలితే దాంతో సంపు మూతలు పోశారు. ఆ మూతలు ఇప్పటికీ ఉన్నాయి. నువ్వు మిగిల్చినదాంతో ఏం పోయాలి?

తర్వాత మావాళ్లు ఇంట్లో ఉన్న సిమెంటు, రోబో శాండ్, ముందు ముందు పనికొస్తుందని తెప్పించి పెట్టిన కాస్త కంకర చేత్తో కలిపి ఆ మూల నింపారు. ఈలోగా ఎండకు పక్కదంతా బిగిసిపోయింది. పాతదానికీ కొత్తదానికీ మధ్య గీత గీసినట్టు జాయింటు పడింది. పైగా కొలతలు వేసి కలిపే నామినల్ మిక్సును కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456 ఒప్పుకునేది అంతకంటే తక్కువ గ్రేడైన ఎం20 దాకానే. అంటే ఎం25 స్లాబుకు డబ్బు కట్టి, ఒక మూల ఏ గ్రేడో చెప్పలేని స్లాబు కింద పూజగది కట్టుకుంటున్నాను. మడులు కట్టి నీళ్లు నిలిపితే సరిగ్గా ఆ గీత వెంబడే కింద చుక్కలు పడుతున్నాయి. ఇంజనీరు ఆ సందులోకి సిమెంటు పాలు ఎక్కించి గ్రౌటు కొట్టిద్దామంటున్నాడు. మా అమ్మ బాధ వేరు. "ఈశాన్యం పెరగాలె గని తగ్గుడేంది బిడ్డా?" అని ఫోన్ చేసిన ప్రతి చుట్టానికీ చెబుతోంది. వాస్తు సిద్ధాంతిని కూడా పిలిపించింది. ఆయన ఫీజు ఏ లెక్కలో వెయ్యాలో నీ ఆపరేటర్నే అడిగి చెప్పు.

గేటు ముందు సంగతి కూడా వింటావా? అర మీటరు కాంక్రీటంటే 1200 కిలోలు. తెల్లారేసరికి అది బండ. మునిసిపాలిటీ అతను వచ్చి, బిల్డింగ్ వేస్టు రోడ్డు మీద పెట్టొద్దు, ఫైన్ పడుతుందని చెప్పిపోయాడు. బ్రేకరువాడు వచ్చి చూసి, "మంచి మాలు సార్, జల్ది పగలదు" అని మెచ్చుకుని, రేటు పెంచాడు. నా ఇంట్లో నికరమైన ఎం25 ఎక్కడన్నా ఉందంటే అది రోడ్డు మీదే ఉంది.

బిల్లు కూడా వచ్చింది. తెచ్చింది 22 మీటర్లు. కానీ తమరి కనీస మర్యాద 30 మీటర్లట, పంపు చార్జీ దానికే కట్టాలట. పడని ఎనిమిది మీటర్లు లెక్కలో వస్తాయి, పడాల్సిన అర మీటరు రాదు. ఆపరేటర్ భత్తా, హెల్పర్ భత్తా, చాయ్ పైసలు విడిగా ఇచ్చుకున్నాం. దమ్ బిర్యానీ తిన్నారు, బాగుందన్నారు. అదొక్కటే ఆ రోజు ఎవరూ పేచీ పెట్టనిది.

ఇంత తిట్టాక ఒక మాట దాచుకోలేను. నువ్వు పనిలో ఉన్నంతసేపూ నోరు తెరుచుకుని చూశాను. ఆ చెయ్యి కరెంటు తీగల్ని తప్పించుకుని, కొబ్బరిచెట్టు మీదుగా వంగి, సరిగ్గా బీము మధ్యకు దిగడం, నాలుగు బండ్ల మాలు గంటన్నరలో పైకెక్కడం, ఒక్క ఆడమనిషి నెత్తిన తట్ట లేకుండా స్లాబు పరుచుకోవడం... గల్లీ పిల్లలతో పాటు నేనూ వీడియో తీశాను. పాలమూరు నుంచి వచ్చిన ఒకామె గోడ నీడలో కూర్చుని నిన్నే చూస్తూ, "ఇది ముందే వస్తే నా మెడ మంచిగుండు" అంది. ఆమె ముందు నిన్ను తిట్టడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

పై అంతస్తు స్లాబుకు మళ్లీ నిన్నే పిలుస్తాను. వేరే దారి లేదు, లిఫ్టు మిక్సరుకు ఇప్పుడు లేబర్ దొరకరు. ఈసారి మాత్రం ఒప్పందం కాయితం మీద రాయించుకుంటాను. పైపులో ఉన్నది నాది. తొట్టిలో ఉన్నది నాది. తలుపు తెరిచేముందు కింద నా తట్టలుంటాయి.

ఇట్లు,
30 మీటర్ల పంపు చార్జీ కట్టి 21న్నర మీటర్ల స్లాబు వేసుకున్నవాడు

తా.క.: హడావిడిలో నీ పైపు క్లాంపు ఒకటి మా సంపు పక్కన వదిలేసి వెళ్లావు. "ఆ క్లాంపు లేక బండి ఆగింది సార్, జర పంపుండ్రి" అని నీ ఆపరేటర్ పొద్దుట్నుంచి ఫోన్లు చేస్తున్నాడు. బయల్దేరినం, సాగర్ రింగ్ రోడ్డు కాడ ఉన్నం అని చెప్పాను.